మూడేళ్ల పాపకి తిరుపతిలో ప్రీస్కూల్: టైమింగు, ఫీజు, మాంటిసోరి… ఏది చూసి తేల్చుకోవాల?

ఎం.ఆర్.పల్లి నుంచి ఒక అమ్మ:

అందరికీ నమస్తే. మా పాపకి ఏప్రిల్ రెండో వారంలో మూడేళ్లు నిండతాయి, జూన్‌లో ఎక్కడన్నా చేర్పించాలని చూస్తా ఉండాం. నేను స్టాఫ్ నర్సు, పొద్దున డ్యూటీ 8 నుంచి 2, మధ్యాన్నం డ్యూటీ 2 నుంచి 8, నడమ నడమ నైట్లు. మా ఆయన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో, కంపెనీ బస్సు ఏడున్నరకే ఎక్కాల, ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. ఇంట్లో మా అత్తమ్మ ఉండారు గానీ మోకాళ్ల నొప్పులు, మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

మూడు చూసినాం. ఒకటి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క, ఊరూరా బ్రాంచీలుండే ప్లేస్కూలు, 9:30 నుంచి 12:30, ఫీజు 38 వేలు. రెండోది బైరాగిపట్టెడ వైపు, బోర్డు మీద మాంటిసోరి (పిల్లలు వస్తువులతో సొంతంగా చేసి నేర్చుకునే పద్ధతి అంట) అని ఉండాది, ఒక మేడమ్ సొంతంగా నడపతా ఉండారు, 9 నుంచి 1, కావాలంటే 5 దాకా డే కేర్, ఫీజు 46 వేలు, డే కేర్ నెలకి 3 వేలు వేరే. మూడోది నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉండే పెద్ద స్కూలు, 8:45 నుంచి 3:30, 55 వేలు, వ్యాన్ 15 వేలు, ఇంటి ముందుకే వస్తాది. ఇప్పుడు చేర్చకపోతే ఎల్‌కేజీలో సీటు గ్యారంటీ లేదని ఫోన్ల మీద ఫోన్లు చేస్తా ఉండారు. మా అత్తమ్మేమో వీధి చివర అంగన్‌వాడీ ఉండగా ఇంత బిడ్డకి యాభై వేలేందే అంటారు. మీరైతే ఏం చూసి తేల్చుకుంటారో చెప్పండి, తల తిరగతా ఉండాది.

కొర్లగుంట నుంచి ఒకన్న:

అమ్మా, ముందు ఆ 38 వేలు అనే మాట నమ్మొద్దండి. పోయినేడు మా అబ్బోడికి ఒక చోట 35 అన్నారు, సరే అని పోతే అడ్మిషన్ 5 వేలు, కిట్ అని 6,500, యూనిఫాం రెండు జతలు షూసుతో 2,800, యాన్యువల్ డే డ్రెస్సు 1,200, వాళ్లకి వ్యాన్ లేదు కాబట్టి ఆటో నెలకి 1,300, పది నెలలకి 13 వేలు. మొత్తం 63,500 తేలింది. కిట్‌లో ఏముందయ్యా అంటే ఏడు పుస్తకాలు, ఒక బ్యాగు, క్రేయాన్లు, వాటిలో మూడు పుస్తకాలు ఏడాది చివరికి కూడా తెల్లగానే ఉండాయి. అందుకని కౌంటర్లో కూర్చున్నామెని ఒకటే అడగండి, జూన్ నుంచి ఏప్రిల్ దాకా నా జేబులోనుంచి మొత్తం ఎంత పోతాది, ఒక కాగితం మీద రాసియ్యండి అని. రాసియ్యం అంటే అర్థం అయిపోయినట్టే. నడమలో మానిపిస్తే ఎంత వాపసిస్తారో కూడా దాని మీదనే రాయించుకోండి.

చిన్నపిల్లల బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ (తిరుచానూరు రోడ్డు):

అమ్మాయ్, నువ్వు రాసింది రెండు సార్లు చదివినాను. ఫీజూ మాంటిసోరీ తర్వాత చూద్దాం, ముందు గడియారం చూడు. అందరూ సాయంత్రం ఎవురు చూసుకుంటారని డే కేర్ వెతుకుతారు, నీకు అసలు ఇబ్బంది పొద్దున. నీకు పొద్దున డ్యూటీ పడిన రోజు ఏడున్నరకి మీ ఆయనా నువ్వూ ఇద్దరూ వెళ్లిపోతారు, బడి తెరిచేది 9కి, ఆ గంటన్నర అత్తగారి దగ్గర ఉంటాది సరే, మరి 9కి రెండంతస్తులు దించి ఎవురు ఎక్కిస్తారు? వ్యాన్ ఇంటి ముందుకి వస్తాది అంటారు, ఆయా పైకి రాదు. మధ్యాన్నం డ్యూటీ రోజు నువ్వే దిగబెట్టి నువ్వే తెచ్చుకుంటావు, ఆ రోజు నీకు డే కేర్‌తో పనే లేదు. నైట్ దిగి వచ్చిన రోజు మాత్రం పాపని వదిలి నాలుగు గంటలు నిద్రపోవాల, ఆ రోజు డే కేర్ కావాల. అంటే నీకు నెలంతా డే కేర్ కాదు, రోజు లెక్కన డే కేర్ ఇచ్చే చోటు, పొద్దున 7:45కే బిడ్డని తీసుకునే చోటు కావాల. ఈ రెండు ప్రశ్నలు ఆ ముగ్గురినీ అడిగినావంటే సగం తేలిపోతాది.

ఇక చిన్న బిడ్డలకి ఎన్ని గంటలు అంటే, మూడేళ్లకి మూడు నాలుగు గంటలు చాలు. బాలల హక్కుల జాతీయ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకి పెట్టిన మార్గదర్శకాల్లో కూడా అంతే ఉండాది, 20 మంది పిల్లలకి ఒక టీచరు, ఆమెతో పాటు ఒక ఆయా అని కూడా. పెద్ద స్కూల్లో 3:30 దాకా అంటే మధ్యాన్నం పడుకోబెడతారా, బెంచీ మీదనే తల వాల్చి నిద్రపోతారా, అది కళ్లతో చూడు.

మాంటిసోరి గురించి. ఆ పేరు ఎవురైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది, 1939లో మద్రాసు అడయారుకి వచ్చి ఇక్కడి టీచర్లకి శిక్షణ ఇచ్చింది, యుద్ధంతో ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయింది. మద్రాసు మనకి ఎంత దూరం, నిజంగా శిక్షణ తీసుకున్న వాళ్లు మన పక్క లేకపోలేదు. ఆ మేడమ్‌ని మీరు యాడ ట్రైనింగ్ అయినారు, ఎన్ని నెలలు అని అడుగు, నేర్చుకున్న మనిషి సంతోషంగా చెప్తాది. తర్వాత గదిలోకి పో. మూడేళ్ల వాళ్లూ ఐదేళ్ల వాళ్లూ ఒకే గదిలో కలిసి ఉండాల. అరలు పిల్లల నడుము ఎత్తులో ఉండాల, బిడ్డ తనంతట తాను ఒక వస్తువు తీసి, చాప పరుచుకుని, పని అయినాక మళ్లీ అదే చోట పెట్టాల. గులాబీ రంగు చెక్క దిమ్మెలు, గరుకు కాగితం అక్షరాలు, నీళ్లు పోసే చిన్న జగ్గులు ఉంటాయి. అవన్నీ అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయనుకో, అవి నీకు చూపించేదానికి పెట్టినవి.

నేనైతే ఒకటి చూస్తాను. బిడ్డ గ్లాసులోకి నీళ్లు వంచతా నేల మీద పోసింది అనుకో, టీచరు ఏం చేస్తాది? అయ్యో అని ఆయాని పిలిచి తుడిపిస్తే ఒక రకం, గుడ్డ ఎక్కడుందో చూపించి, బిడ్డ చేతనే తుడిపించి, మళ్లీ వంచమంటే ఇంకో రకం. అది ఒక్కటి చూస్తే ఆ బడి పద్ధతి మొత్తం తెలిసిపోతాది, బ్రోచరు అక్కర్లా. అయితే అడ్మిషన్ల టైములో పోతే పెళ్లిచూపులకి ఇల్లు సర్దినట్టు సర్ది ఉంటారు, అందుకే చెప్పకుండా ఒక మామూలు రోజు బడి వదిలే ముందు పావుగంట గేటు దగ్గర నిలబడు. పిల్లల ముక్కు ఎవురు తుడస్తా ఉండారు, చెప్పులు ఎవురు తొడగతా ఉండారు, తెలియని మనిషి వచ్చి బిడ్డని ఇయ్యమంటే ఇచ్చేస్తారా అని చూడు.

ఎస్టీవీ నగర్ నుంచి ఒకాయన:

మేడమ్ చెప్పేది బాగానే ఉంది కానీ ఈ ఆటపాటల వల్ల రేపు ఒకటో తరగతిలో వెనక పడితే? మావాడు ఇదే పెద్ద స్కూలు టైపులో నర్సరీ, నూరు దాకా రాస్తాడు, ఎ టు జడ్ రాస్తాడు, పక్కింటి ప్లేస్కూలు పిల్లకాయ ఇంకా రంగులు పూసుకుంటా ఉండాడు. వ్యాన్, బడి, అన్నీ ఒకే చోట, మళ్లీ మళ్లీ అడ్మిషన్ బాధ లేదు.

టీచరమ్మ:

నాయనా, నూరు దాకా రాస్తాడు సరే, ముందు పెట్టి ఏడు గోలీలు తియ్యమంటే లెక్కపెట్టి ఇస్తాడా? ఇస్తే మంచిదే. మూడేళ్ల బిడ్డ వేళ్ల ఎముకలు, కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు, అప్పుడే పెన్సిలు పట్టించి రోజుకి రెండు పేజీలు రాయిస్తే పిడికిలితో పట్టుకోవడం అలవాటు అయిపోతాది, అది మాన్పించలేక రెండో తరగతి టీచర్లు తల పట్టుకుంటారు. పిండి పిసకడం, కాగితం చింపడం, గుండీలు పెట్టడం, చెనక్కాయలు వలవడం, ఇవి రాతకి ముందు చెయ్యాల్సినవి. ఇదేం నా సొంత కవిత్వం కాదు, 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకాలే అక్కర్లేదు అని రాసింది, ఆ వయసుకి పరీక్షలు తగవు అని కూడా. ఇంట్లో మాట్లాడే భాషలోనే మొదలుపెట్టమనింది. తెలుగులో మాట్లాడితే ఫైను వేసే నర్సరీ అయితే ఆ గేటు దాటొద్దు.

చిత్తూరు నుంచి ఒకరు (ట్యాక్స్ పని చేస్తాం):

డబ్బు విషయం నాలుగు మాటలు. బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే, నర్సరీ ఎల్‌కేజీకి రాదు, దాని మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వెయ్యొద్దు. పాత పన్ను విధానంలో ఉండే వాళ్లకి ప్లేస్కూలు ట్యూషన్ ఫీజు కూడా పన్ను మినహాయింపు కింద (80సీ అంటారే, అది) పనికొస్తాది, ఇద్దరు పిల్లల దాకా, మొత్తం లక్షన్నర పరిమితిలోనే. కిట్టు, వ్యాన్, డొనేషన్ రావు, కాబట్టి రసీదులో ట్యూషన్ ఫీజు వేరేగా రాయించుకోండి. కొత్త విధానంలో ఉంటే ఏమీ రాదు.

ఇంకోటి, సీటు పోతాదని తొందర పడొద్దండి. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాల, 2022 నుంచి అదే రూలు. మీ పాప ఏప్రిల్ రెండో వారం అంటే అనుకున్న ఏడు కేవీకి కొద్ది రోజుల్లో తప్పిపోతాది, మరుసటేడే. మీకు ఆ ఆలోచన ఉంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడూ అయినాక ఇంకో ఏడాది మిగలతాది, ఇప్పుడు పరుగెత్తి లాభం ఏముంది?

చంద్రగిరి నుంచి ఒక అక్క:

అంగన్‌వాడీని మీ అత్తమ్మ ఊరికే అనలేదు. మా చెల్లెలు బిడ్డని అక్కడికే పంపింది, వేడి అన్నం, గుడ్డు, పాలు అన్నీ అక్కడే, పైసా ఖర్చు లేదు, నడిచిపొయ్యే దూరం. అంతా ఆ టీచరు మీదనే ఉంటాది, ఆమె మంచిదైతే ప్రైవేటు కంటే మేలు. అయితే ఆమెకి సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు శానా, పిల్లలతో కూర్చునే టైము ఎంతో మీరే పోయి చూడండి. మా ఊళ్లో అయితే పాటలూ కథలూ బాగా చెప్తాది ఆమె.

టీటీడీ డ్యూటీ చేసే ఒకన్న (భవానీ నగర్):

ఒంటిపూట బడులు మర్చిపోయినారు అందరూ! మార్చి నడుమ నుంచి పెద్ద స్కూళ్లు పొద్దున 7:45కి మొదలుపెట్టి 12:30కి వదిలేస్తాయి, అప్పుడు వ్యాన్ ఏడుకే వస్తాది, 3:30 దాకా అని చెప్పిన మాట ఏప్రిల్ 23 దాకా చెల్లదు. తర్వాత సెలవులు జూన్ 11 దాకా. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ రోజు, అలిపిరి వైపు ఆటోలు కదలవు, ఆ రోజు డ్యూటీ ఉంటే పాపని ఎవురు తెస్తారో ముందే అనుకోండి. డే కేర్ వాళ్లని సెలవుల్లో తెరిచి ఉంటారా, డబ్బు కట్టాల్నా అని అడగండి. మాకు సెలవుల నెల కూడా ఫీజు పట్టినారు, పని మాత్రం చెయ్యలేదు.

ఎం.ఆర్.పల్లి అమ్మ:

అందరికీ శానా థ్యాంక్స్. టీచరమ్మ గారూ, నిన్న నైట్ దిగి నేరుగా బైరాగిపట్టెడ పోయినా, చెప్పకుండానే. వస్తువులు కింది అరల్లోనే ఉండాయి, ఒక బాబు చెంబులో బియ్యం నింపి వంచి నింపి వంచి అదే పని చేస్తా ఉండాడు, ఎవురూ ఆపలేదు. మేడమ్ చెన్నైలో ఏడాది కోర్సు చేసినానని సర్టిఫికెట్ చూపించినారు. 7:45కి తీసుకుంటాం, ఒక ఆయా ఆ టైముకే వస్తాది అన్నారు. రోజు లెక్కన డే కేర్ ఇంతవరకు ఇయ్యలేదు కానీ రోజుకి 200 తీసుకుని ఇస్తాం, నెల డ్యూటీ చార్టు ముందే పంపండి అన్నారు. నాకు నెలలో ఎనిమిది తొమ్మిది రోజులే కావాల, అంటే 3 వేలు కాకుండా 1,800 లోపలే అవుతాది. ఒక గదిలో 24 మంది ఉండారు, ఒక టీచరు, ఒక ఆయా, అది రవంత ఆలోచనగా ఉండాది. పొద్దున మెట్లు దింపే దానికి మా ఆయన ఏమంటాడంటే, కంపెనీ బస్సు ఎక్కే ముందు ఏడింబావుకి బండి మీద దిగబెట్టి పోతానని. 7:15కి బడి తెరవరు కదా, ఆ అర్ధగంట ఏం చెయ్యాల?

టీచరమ్మ:

24 అంటే కొంచెం ఎక్కువే, జూన్‌లో ఇంకో టీచరు వస్తాదా అని అడుగు, రాకపోతే 20 దగ్గర ఆపుతారా అని అడుగు. అర్ధగంట సంగతి, ఆ ఆయా ఇల్లు ఎక్కడ? బడి దగ్గరే అయితే ఆమెతో నేరుగా కాకుండా మేడమ్‌తో మాట్లాడి, పొద్దున డ్యూటీ రోజులకి ఏడింబావుకే తెరిచేదానికి ఆమెకి నెలకి ఇంత అని నువ్వే కట్టుకో. అది కుదరకపోతే మీ సూపర్‌వైజర్‌ని ఆర్నెల్లు పొద్దున డ్యూటీలు తగ్గించమని అడుగు, మధ్యాన్నం డ్యూటీలు వద్దనే వాళ్లు నీ వార్డులోనే నలుగురు ఉంటారు, మార్చుకుంటారు.

ఎం.ఆర్.పల్లి అమ్మ:

ఆయా ఉండేది బడి వెనక వీధిలోనే అంట. సోమవారం పోయి మాట్లాడతా, ఫీజు కాగితం కూడా రాయించుకుంటా. మా అత్తమ్మకి 46 వేలని చెప్పలేదు ఇంకా.