‘చలి కాచుకోవడం’లో ఉన్నది ఏ కాచు?

విజయనగరం నుంచి, మొదటి టపా

సభ్యులందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. నెగడు ముందు కూర్చొని అరచేతులు చాపితే ‘చలి కాచుకుంటున్నాం’ అంటాం కదా, ఇందులోని ‘కాచు’ ఏది? నీళ్ళు కాచడంలోదా, పొలం కాచడంలోదా? అంటే మనం వేడి చేసుకుంటున్నామా, చలి నుంచి మనల్ని మనం కాపాడుకుంటున్నామా?

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో మిత్రులతో కలిసి తాటిపూడి జలాశయం దగ్గర ఒక రాత్రి గడిపాను. రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయల ఉంటుంది, హామక్ అంటారు. అందులో మందపాటి రగ్గు కప్పుకొని పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. ఛాతీ మీద చెమట, నడుము కింద మాత్రం భరించలేని చలి. చెయ్యి వెనక్కి పోనిచ్చి ఒంటి కింది గుడ్డను తాకాను. తడి లేదు, అయినా మంచు కురిసిన గడ్డిని తాకినట్టు ఉంది. ఫోనులో చూస్తే 15 డిగ్రీలు. అదేమీ గడ్డకట్టించే చలి కాదు. కానీ నేల మీద పడుకున్నవాడి కింద నేల ఉంటుంది, మంచం మీద పడుకున్నవాడి కింద పరుపు ఉంటుంది. ఊయలలో పడుకున్నవాడి కింద ఉన్నది గాలి ఒక్కటే. గోస్తని నీళ్ళ మీదుగా వచ్చిన ఆ గాలి రాత్రంతా నా వెన్ను కిందుగా పోతూనే ఉంది.

తిరిగి వచ్చాక ఒక దుకాణంలో సంగతి చెబితే, ‘చలి కాచే ఊయల ఉందండీ’ అన్నారు. ఇంటికి వచ్చి అదే మాట చెబితే మా ఆవిడ ‘అందులో బ్యాటరీ ఉంటుందా?’ అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ‘కాచే’ అంటే ఆమెకు నీళ్ళు కాచడమే గుర్తొచ్చింది. నాకేమో కావలి, కాపరి, కాపాడు గుర్తొచ్చాయి. ఆ ఊయల వేడిని పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని కాపలా కాస్తుంది. కాబట్టి చలి కాచుకోవడంలో ఉన్నది రక్షించే ‘కాచు’ అనే నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇచ్ఛాపురం నుంచి ఒక సభ్యురాలు

మాస్టారూ, మీ ఊయల సంగతి బాగుంది కానీ, మాట విషయంలో మీతో ఏకీభవించలేను. నేను చాలా ఏళ్ళు చెన్నైలో ఉన్నాను. తెలుగులో ఒకే రూపంలో కలిసిపోయిన ఈ రెండు క్రియలూ తమిళంలో ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి. రక్షించడానికి ‘కా’, వేడెక్కడానికి ‘కాయ్’. చలిమంట దగ్గర కూర్చోవడాన్ని వాళ్ళు ‘కుళిర్ కాయ్’ అంటారు. కుళిర్ అంటే చలి. మన నుడికారమే అది, పక్కనే మరో గొంతుతో. అక్కడ వేడి క్రియే ఉంది, రక్షణ క్రియ లేదు.

అంత దూరం వెళ్ళక్కర్లేదు, మన తెలుగులోనే సాక్ష్యం ఉంది. దాగు–దాచు, తూగు–తూచు లాగా కాగు–కాచు ఒక జంట. నీళ్ళు కాగుతాయి, మనం కాచుతాం. (మీ ఊయలకు సంబంధించిన ఊగు–ఊచు కూడా ఈ కుటుంబంలోదే, ‘ఊచడం’ ఇప్పుడు వాడుకలో తగ్గిపోయింది.) రక్షించే కాచుకు ఇలాంటి జంట లేదు. పొలం ‘కాగింది’ అని ఎవరూ అనరు. మరి చలి దగ్గర? ‘వీధి చివర నలుగురు చలి కాగుతున్నారు’ అని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ‘కాగు’ వచ్చి నిలబడగలిగిందంటే అది వేడి మాటే.

విజయనగరం

అమ్మా, ఒప్పుకుంటున్నాను. ‘చలి కాగుతున్నారు’ అనే మాట నేనూ వేలసార్లు విన్నాను, ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఒక్క రూపంతో నా వాదం వీగిపోయింది.

అయితే దాని వెంటే ఇంకో సంగతి తేలుతోంది. చలి కాచుకోవడం వేడి చేసుకోవడమే అయితే, ‘చలి కాచే ఊయల’ అనే పేరు తప్పు. అందులో వేడి చేసేది ఏదీ లేదు. కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మందమైన గుడ్డ ఉంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు. వెచ్చదనాన్ని నిలిపేది గుడ్డ కాదు, పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. ఊయలలో పరుచుకున్న బొంత మన బరువుకు అణిగిపోతుంది, అందులోని గాలి బయటికి పోతుంది, ఇక ఆ బొంత ఉన్నా లేనట్టే. పైన కప్పుకున్న రగ్గు మీద బరువు పడదు కాబట్టి అది పనిచేస్తుంది. ఆ రాత్రి నా ఛాతీకి చెమట పట్టి వెన్ను చల్లబడడానికి కారణం ఇదే.

అందుకే తెలిసినవాళ్ళు బొంతను ఊయల లోపల కాకుండా బయట, అడుగున వేలాడదీస్తారు. బరువు దాని మీద పడదు, పొంగు తగ్గదు. దీనికి ‘అడుగుబొంత’ అనే పేరు పెడితే ఎలా ఉంటుంది? వేడిని దాటి పోనివ్వని వస్తువుకు బడి పుస్తకాల్లో ‘ఉష్ణబంధకం’ ఉంది, మంచి మాటే, కానీ దుకాణానికి వెళ్ళి ఉష్ణబంధకం ఇవ్వమని ఎవరు అడుగుతారు?

పార్వతీపురం నుంచి ఒక సభ్యుడు

అడుగుబొంత బాగుంది. అసలు హామక్‌కే తెలుగు పేరు కావాలంటే ‘డోలీ’ ఉంది కదండీ? సంస్కృతంలో డోల అంటే ఊయలే. డోలాయమానం అన్న మాటా అక్కడిదే.

విజయనగరం

వ్యుత్పత్తి ప్రకారం మీరన్నది సరైనదే. కానీ మన జిల్లాల్లో ఆ మాట వాడడానికి నాకు మనసు ఒప్పదు. దారి లేని కొండ ఊళ్ళ నుంచి నిండు గర్భిణిని, జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి కర్రకు కట్టిన గుడ్డలో మోసుకొచ్చే దానికి మనం పెట్టుకున్న పేరు డోలీ. ఆ మాట వినగానే రోడ్డు వరకూ నడిచే నాలుగు జతల కాళ్ళు కనిపిస్తాయి. సరదాగా పడుకునే గుడ్డకు అదే పేరు పెట్టలేను. గుడ్డ ఊయల అందాం. లేదా హామక్ అనే ఉంచుదాం. అది కరీబియన్ దీవుల తాయినో ప్రజల మాట, స్పానిష్ వాళ్ళ నోట ‘హమాకా’ అయి లోకమంతా తిరిగింది. మన దగ్గరికీ అలాగే రానివ్వండి.

పొందూరు నుంచి

మాస్టారు ‘పొంగు’ అన్నారు కాబట్టి ఒక మాట. మా ఊళ్ళో నూలు వడికేవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, తరువాత దూది ఏకుతారు. ఏకడం అంటే పోగు పోగునూ విడదీసి మధ్యలోకి గాలి చొరనివ్వడమే. గుప్పెట్లో ఇమిడిన దూది ఏకాక ఒడి నిండుతుంది. కాబట్టి మీరు వెతుకుతున్న గుణానికి ‘ఏకుడు’ అన్న మాట సరిపోతుందేమో చూడండి. ‘ఏకుడు తగ్గిన బొంత’ అంటే మా ఇళ్ళలో అర్థం కానివాళ్ళు ఉండరు.

విజయనగరం

ఎంత చక్కటి మాట! ఇంగ్లీషులో దీన్ని లాఫ్ట్ అంటారు. ఆ మాట పొంగిన ఎత్తును చెబుతుంది, ‘ఏకుడు’ ఆ ఎత్తు ఎలా వచ్చిందో కూడా చెబుతుంది. ఇకనుంచి నేను ఇదే వాడతాను.

పలాస నుంచి

మాటలు కుదిరాయి, సంతోషం. నాకు ఊయల కూడా కావాలి. మాకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్నాయి. మేలో రాత్రిపూట కూడా ఉక్కపోతే. డిసెంబరులో మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కాలని ఉంది. అరకు కూడా వెళ్తాం. ఒక్క ఊయల అన్నిటికీ సరిపోతుందా?

విజయనగరం

సరిపోతుంది, అడుగుబొంత విడిగా ఊడదీయగలిగేది తీసుకుంటే. బొంతను ఊయలకే కలిపి కుట్టేసినవీ దొరుకుతాయి, కానీ మన ప్రాంతానికి వద్దంటాను. సముద్రం ఒడ్డున ఏడాదిలో ఎక్కువ నెలలు దానితో పని ఉండదు. వేసవిలో వట్టి గుడ్డ, దోమతెర చాలు. కింద గాలి ఆడడం అప్పుడు వరమే.

రాత్రి 20 డిగ్రీల కంటే తగ్గుతుందంటే వెన్ను గురించి ఆలోచించండి. మీ తోటలో చలికాలానికి పలచటి బొంత సరిపోవచ్చు. మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు, పైగా కొండ మీద గాలి. అరకులో చలికాలపు తెల్లవారుజాములు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. అక్కడికి 5 డిగ్రీల వరకు అని రాసి ఉన్నది తీసుకోండి. ఆ అంకె తయారీదారు చెప్పుకున్నది. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా చలిని తట్టుకుంటుంది కాబట్టి మీరు వెళ్ళే చోటి కంటే ఐదు డిగ్రీలు తక్కువ అంకె ఉన్నది చూసుకోవడం మంచిది.

లోపల ఏం నింపారో తప్పక అడగండి. బాతు ఈకల నూగు నింపినది తేలిక, చిన్న మూటలో ఇమిడిపోతుంది, కానీ తడిస్తే ముద్దయిపోయి ఏకుడంతా పోతుంది. మన దగ్గర మంచు, తేమ ఎక్కువ. కృత్రిమ పోగు కాస్త బరువైనా తడిలో కొంత వెచ్చదనం నిలుపుతుంది. నేను అదే కొన్నాను. ఖర్చు తగ్గించుకోవాలంటే రెండు పొరల గుడ్డ ఊయల కొని, పొరల మధ్య నురగ చాప దూర్చుకోవచ్చు. ఆ చాప బరువు పడినా పెద్దగా అణగదు. పక్కలకు జారుతుందన్నది ఒక్కటే ఇబ్బంది.

కొబ్బరి చెట్లకు కడతానంటే ముందు పైకి చూడండి. గెలల కింద పడుకోకూడదు, ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వేళ్ళు కదిలిన చెట్లు ఇంకా నిలబడి ఉంటే వాటి జోలికి వెళ్ళకండి. తాడు బదులు వెడల్పాటి పట్టీ వాడితే జీడి చెట్టు బెరడు కోసుకుపోదు.

పలాస నుంచి

చాలా సంతోషం మాస్టారూ. అడుగుబొంతను బిగించి కట్టాలా, వదులుగానా?

విజయనగరం

బిగిస్తే అణుగుతుంది, వదిలేస్తే మధ్యలోకి చల్లగాలి దూరుతుంది. ఊయలలో పడుకొని, పక్కనున్నవాళ్ళను రెండింటి మధ్య చెయ్యి పెట్టి చూడమనండి. బొంత గుడ్డకు ఒరుసుకుంటూ ఉండాలి, ఒత్తుకోకూడదు.

ఇచ్ఛాపురం నుంచి

‘ఒరుసుకోవడం’, ‘ఒత్తుకోవడం’. ఈ రెండింటి మీద వేరే టపా పెట్టండి మాస్టారూ, ఇక్కడ మాట్లాడుకోవలసింది చాలా ఉంది.