డార్క్ కౌంట్లను తీసివేస్తే మిగిలేదంతా కాంతేనా?

ప్రశ్న:
సిలికాన్ అవలాంచ్ ఫోటోడయోడ్‌తో (ఒక్కో ఫోటాన్‌ను ఒక పల్స్‌గా లెక్కించే డిటెక్టర్) ఒక రంగు ద్రావణం నుంచి వెలువడే బలహీనమైన ఫ్లోరెసెన్స్‌ను (లేజర్ కాంతిని పీల్చుకున్న రంగు తిరిగి వెలువరించే కాంతి) లెక్కిస్తున్నాను. మూత బిగించినప్పుడు సెకనుకు సుమారు 200 కౌంట్లు (కాంతి లేకుండానే వచ్చే డార్క్ కౌంట్లు), నమూనాపై లేజర్ పడినప్పుడు 260 వస్తున్నాయి. తేడాగా వచ్చిన 60ని ఫ్లోరెసెన్స్‌గా తీసుకోవచ్చునా? డిటెక్టర్‌ను ఇంకా చల్లబరిస్తే మేలు కలుగుతుందా?

మొదటి జవాబు:
తీసివేతతో డార్క్ కౌంట్ల సగటు పోతుంది గానీ, వాటి ఒడిదుడుకులు పోవు. ఇవి పాయిజాన్ గణాంకాన్ని (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే ఘటనల లెక్కకు వర్తించే సూత్రాన్ని) అనుసరిస్తాయి కనుక, ఎన్ని కౌంట్లు వస్తే ఆ సంఖ్య వర్గమూలమంత అనిశ్చితి ఉంటుంది. ఒక లెక్కలోంచి మరొకటి తీసివేసినా అనిశ్చితుల వర్గాలు కలిసి పెరుగుతాయే తప్ప తగ్గవు. ఒక్కో సెకను కొలిస్తే అది 460కి వర్గమూలం, అంటే దాదాపు 21; మీ 60 దానికి మూడు రెట్లు కూడా లేదు. రెంటినీ 100 సెకన్ల చొప్పున కొలిస్తే తేడా 6000, అనిశ్చితి సుమారు 214 అవుతాయి. అయితే ఉష్ణోగ్రత మారితే డార్క్ కౌంట్లు కూడా మారతాయి కాబట్టి, రెండు కొలతలనూ చిన్న విడతలుగా మార్చి మార్చి తీసుకోండి.

రెండో జవాబు:
గణితం సరైనదే, కానీ దేన్ని తీసివేస్తున్నామన్నది అంతకన్నా ముఖ్యం. మూత వేసినప్పటి లెక్కలో ఫిల్టర్ దాటి వచ్చే లేజర్ కాంతి గానీ, ద్రావకం నుంచి వచ్చే రామన్ పరిక్షేపణం (అణువులను తాకి, తరంగదైర్ఘ్యం మారి చెదిరే కాంతి) గానీ ఉండవు. (మన సి.వి. రామన్ 1928లో కనుగొన్నదే ఇక్కడ మనకు అడ్డు తగులుతుంది.) రంగు కలపని ద్రావకాన్ని అదే క్యూవెట్‌లో (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర), అదే లేజర్ శక్తితో కొలిచి, ఆ సంఖ్యను తీసివేయండి.

మూడో జవాబు:
చల్లబరిస్తే వేడి వల్ల పుట్టే కౌంట్లు తగ్గుతాయి. కానీ ఒక అవలాంచ్ (పల్స్‌ను పుట్టించే ఎలక్ట్రాన్ల వెల్లువ) సమయంలో స్ఫటిక లోపాల్లో చిక్కుకున్న ఆవేశ వాహకాలు చలిలో మరింత నెమ్మదిగా విడుదలై, డెడ్ టైమ్ (ప్రతి పల్స్ తర్వాత డిటెక్టర్ పనిచేయని కొద్దిపాటి సమయం) ముగిశాక దొంగ పల్స్‌లను పుట్టిస్తాయి. వీటినే ఆఫ్టర్‌పల్స్‌లు అంటారు. వరుస పల్స్‌ల మధ్య వ్యవధుల హిస్టోగ్రామ్‌ను లాగ్ స్కేలుపై గీయండి: సరళరేఖ వస్తే పల్స్‌లు స్వతంత్రమైనవే, అతి చిన్న వ్యవధుల దగ్గర గీత పైకి లేస్తే ఆఫ్టర్‌పల్స్‌లు ఉన్నట్టే. మీకు కౌంట్లు వస్తున్న వేగంలో డెడ్ టైమ్ నష్టం లెక్కలోకి రాదు. అది 50 నానోసెకన్లనుకుంటే, సెకనుకు పది లక్షల కౌంట్లు నమోదయ్యే చోట డిటెక్టర్ 5 శాతం సమయం పనిచేయకుండా ఉంటుంది.

అడిగినవారు:
రంగు లేని ద్రావకంతో 235 వచ్చింది. హిస్టోగ్రామ్ సరళరేఖగానే ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అలాగైతే ఫ్లోరెసెన్స్ 25 మాత్రమే. అది అనిశ్చితికి పది రెట్లు కావాలంటే, ద్రావణాన్నీ ద్రావకాన్నీ చెరి 80 సెకన్లు కొలవాలి. అది పెద్ద సమయమేమీ కాదు కనుక, చల్లబరిచే ఖర్చు ప్రస్తుతానికి అనవసరమని నా అభిప్రాయం.