అప్‌డేట్: హ్యాండ్‌సోనిక్ తీసుకున్నాను, మొదటి ప్రోగ్రామ్ అయింది

భజనలకూ పెళ్లి ఆర్కెస్ట్రాకూ ఢోలక్, తబలా రెండూ మోసుకెళ్లలేక వాటి సౌండ్లు ఇచ్చే ఎలక్ట్రానిక్ ప్యాడ్ ఒకటి తీసుకుందామని, ఆక్టోప్యాడ్ కొనాలా, రోలాండ్ కంపెనీ హ్యాండ్‌సోనిక్ కొనాలా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

"ఆక్టోప్యాడ్ కర్రలతో వాయించేది, మీది వేళ్లకు అలవాటైన చెయ్యి" అని ఒకరన్న మాటతోనే తేలిపోయింది. హ్యాండ్‌సోనిక్ హెచ్‌పీడీ-20 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 13 ప్యాడ్లు, 850 సౌండ్లు. నేను వాడేవి పది దాటవు.

మొన్న శ్రీరామనవమి పందిట్లో మొదటిసారి వాయించాను. సౌండ్ చెక్‌లోనే టెన్షన్, లైన్‌లో ఒకటే గుయ్‌మని హమ్. డీఐ బాక్స్ (వాద్యానికీ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (లైన్‌లో గ్రౌండ్ కలవకుండా విడదీసేది) నొక్కగానే ఆగింది. తర్వాత ఇంకో వింత. బాస్ స్పీకర్ పక్కనే స్టాండ్ వేశాను, ఆ అదురుకు నేను తాకకుండానే ప్యాడ్ మోగింది! స్టాండ్ దూరం జరిపి, త్రెషోల్డ్ (ఎంత గట్టి దెబ్బకు ప్యాడ్ మోగాలో చెప్పే సెట్టింగ్) కొంచెం పెంచాను. మరీ పెంచితే మాత్రం వేలి కొసతో వేసే సన్న దెబ్బలు పలకవు. ఢోలక్ వాయించేవాళ్లకు అవే ప్రాణం కదా.

ఒక్కటి ముందే తెలిసుంటే బాగుండేది. ఢోలక్ చేతి కిందే వినిపిస్తుంది, ఇది స్పీకర్‌లోనే పలుకుతుంది. మానిటర్ (వాయించేవాళ్లకు వినిపించడానికి స్టేజీ మీద పెట్టే స్పీకర్) నా వైపు తిప్పేదాకా మొదటి రెండు కీర్తనల్లో పాటకన్నా వెనకబడ్డాను. ఇప్పుడు ఇయర్‌ఫోన్ కూడా సంచిలో ఉంటోంది.

ఢోలక్‌ను అమ్మలేదు. మైకు లేని ఇంటి భజనలకు అదే.