ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మార్చాక నలుపు బూడిదగా కనిపిస్తోంది

ప్రశ్న:
ఉత్తర అమెరికాలో రికార్డయిన ఎన్‌టీఎస్‌సీ (అక్కడి అనలాగ్ టీవీ పద్ధతి) టేపులను డిజిటల్‌లోకి ఎక్కించి, 625 లైన్ల పాల్ (యూరప్, భారత్‌లలో వాడిన టీవీ పద్ధతి) ప్రసారానికి అనువుగా మారుస్తున్నాను. ఫ్రేమ్ రేటు మార్పు సజావుగానే సాగింది గానీ, నలుపు మాత్రం బూడిద పొర కప్పినట్టు ఉంటోంది. బ్రైట్‌నెస్ తగ్గిస్తే నలుపు కుదురుకుంటోంది, తెలుపు మసకబారుతోంది. రెండూ తమ స్థాయిల్లోనే నిలవాలంటే ఏం చేయాలి?

సమాధానం:
అమెరికా ఎన్‌టీఎస్‌సీలో నలుపు సున్నా దగ్గర కాక 7.5 ఐఆర్ఈ (వీడియో సంకేత స్థాయికి కొలమానం) దగ్గర ఉంటుంది. దీన్నే సెటప్ అంటారు. పాల్‌లో ఇది ఉండదు. డిజిటల్‌లోనూ ఉండదు, 8 బిట్ లూమాలో (0 నుంచి 255 వరకు అంకెల్లో చెప్పే వెలుగు స్థాయిలో) నలుపు 16, తెలుపు 235 అని డిజిటల్ వీడియో ప్రమాణమైన రెక్ 601 నిర్ణయించింది. మీ క్యాప్చర్ పరికరం సెటప్‌ను తీసివేయకపోతే నలుపు దాదాపు 32 దగ్గర పడుతుంది, తెలుపు మాత్రం 235 దగ్గరే ఉంటుంది. బ్రైట్‌నెస్ అన్ని స్థాయిలనూ ఒకే మేర కిందికి దించుతుంది కాబట్టే మీ తెలుపు దెబ్బతింటోంది.

మరొక సమాధానం:
సెటప్ అని అప్పుడే తేల్చుకోకండి. లిమిటెడ్ రేంజ్‌లో (16 నుంచి 235) ఉన్న వీడియోను ఫుల్ రేంజ్ (0 నుంచి 255) అనుకుని సాఫ్ట్‌వేర్ మళ్లీ కుదిస్తే నలుపు 30కి చేరుతుంది. కంటికి రెండు లోపాలూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది తెలుపు దగ్గరే, ఎందుకంటే ఈ రేంజ్ లోపంలో అది 218కి పడిపోతుంది. టేపు మొదట్లో కలర్ బార్స్ (పరీక్ష కోసం పెట్టే రంగు పట్టీలు) ఉంటే వేవ్‌ఫామ్ మానిటర్‌లో (సంకేత స్థాయిలను గ్రాఫ్‌గా చూపే సాధనంలో) చూడండి. అయితే పై వరుసలో ఎడమ చివర ఉన్నది సాధారణంగా 75 శాతం తెలుపే. చాలామంది దాన్నే పూర్తి తెలుపు అనుకుంటారు. కింది వరుసలోని తెల్ల గడిని కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిచాను. నలుపు 32, తెలుపు 235 వచ్చాయి.

మొదట సమాధానమిచ్చినవారు:
అయితే సెటప్పే. పరికరంలో ఆ అమరిక ఉంటే మార్చి, మళ్లీ క్యాప్చర్ చేయడం ఉత్తమం. లేదంటే లూమా నుంచి 32 తీసివేసి, 1.081తో గుణించి, 16 కలపండి. క్రోమాను (రంగు సమాచారాన్ని) కూడా 128 కేంద్రంగా అంతే పెంచండి, లేకపోతే రంగులు కాస్త వెలసినట్టుంటాయి. ఈ లెక్కను 10 బిట్‌లో చేసి, చివర్లోనే 8 బిట్‌కు దించితే ఛాయల మధ్య గీతలు పడే అవకాశం తగ్గుతుంది. జపాన్ టేపులేవైనా కలిసి ఉంటే వేరుగా పెట్టండి. అక్కడి ఎన్‌టీఎస్‌సీలో సెటప్ లేదు. ఇదే సవరణ వాటికీ చేస్తే చీకటి భాగాల్లోని వివరాలు 16 కిందికి జారి, క్లిప్ అయితే (కత్తిరించుకుపోతే) తిరిగి రావు.