13 ఏళ్ల బాబు ఛాతీలో గడ్డ: కోడికూర మాన్పించాలా?

ఆమదాలవలస అమ్మ:
మా బాబుకు 13 ఏళ్లు. ఎడమ చనుమొన కింద గోళీకాయంత గడ్డ తగులుతోంది, చొక్కా రాసుకున్నా నొప్పి అంటున్నాడు. నాగావళిలో ఈతకు వెళ్లడం మానేశాడు. ఫారం కోడి తినడం వల్లే ఆడ హార్మోన్లు వచ్చాయని మా అత్తగారు ఇంట్లో కోడికూర మాన్పించారు. పైగా 11 ఏళ్ల చెల్లెలు వాడికంటే పొడుగైంది. ఏం చేయాలి?

రాజాం మాస్టారు (జీవశాస్త్రం, విశ్రాంత):
అమ్మా, ముందు కోడికూర వండండి. ఫారం కోడి తొందరగా ఎదిగేది జాతి వల్ల, మేత వల్ల. అత్తగారికి నా నమస్కారాలతో ఈ మాట చెప్పండి.

ఆవిడ ఆడ హార్మోను అంటున్న ఈస్ట్రోజన్ బాబు ఒంట్లోనే తయారవుతోంది. ప్రతి మగపిల్లవాడిలోనూ అంతే. ఈ వయసులో మెదడులోని హైపోథాలమస్, మొదట్లో ఎక్కువగా రాత్రి నిద్రలో, విడతలు విడతలుగా పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపుతుంది. అది విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు అందుకుని వృషణాలు పెరుగుతాయి, మగ హార్మోను అని పిలిచే టెస్టోస్టిరాన్ తయారవుతుంది. అందులో కొంత భాగాన్ని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. రెండింటి పాళ్లు కుదురుకునేలోగా రొమ్ము కణజాలం కాస్త ఉబ్బుతుంది. ఇది చాలామంది అబ్బాయిలకు వస్తుంది, బయటికి చెప్పరంతే. సాధారణంగా ఆరు నెలల నుంచి రెండేళ్లలో తగ్గిపోతుంది.

మగ హార్మోను, ఆడ హార్మోను అని బోర్డు మీద రెండు గళ్లు గీసి చెప్పడం నాకెన్నడూ నచ్చలేదు. 1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల ఒకతని గురించి రాశారు. జన్యులోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజన్ పని చేయలేదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, అయినా ఎముకల చివరి పెరుగుదల పలకలు మూసుకోలేదు. ఎముకల్లో గట్టితనమూ తక్కువే. మగవాడి ఎముకలు ముదరడానికీ ఆ హార్మోనే కావాలన్నమాట.

చెల్లెలి సంగతంటారా, ఆడపిల్లలకు ఎత్తు పెరిగే ఊపు సుమారు రెండేళ్లు ముందే వస్తుంది. బాబు వంతూ వస్తుంది.

పలాస నర్సు:
మాస్టారు చెప్పింది నిజమే. కానీ ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి అక్కా. గడ్డ రాయిలా ఉన్నా, వేగంగా పెరుగుతున్నా, చనుమొన నుంచి ద్రవం కారినా, వృషణంలో గడ్డ తగిలినా ఆలస్యం చేయకూడదు. బాబు వేరే జబ్బుకు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. కొన్ని మందుల వల్ల కూడా ఇలా వస్తుంది. పసరు పట్లు వేయవద్దు, గడ్డను మాటిమాటికీ నొక్కి చూడనివ్వవద్దు.

ఆమదాలవలస అమ్మ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మందులేమీ వాడటం లేదు. కుడివైపు కూడా మొదలైతే?

పలాస నర్సు:
రెండువైపులా రావడమూ మామూలే అక్కా. ఒకవైపు ముందు, రెండోవైపు కొన్నాళ్లకు కూడా రావచ్చు.