మిల్లు స్థలంలో టవర్లు లేచాక చెన్నైలోని పెరంబూరు ఇంకా పెరంబూరేనా?

మిల్లుకూత:
మా నాన్న కర్నాటిక్ మిల్లులో నేత సెక్షన్. మిల్లు కూసిందంటే అమ్మ అన్నం గిన్నె దించేది, మాకు గడియారంతో పనిలేదు. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఈ మిల్లు కార్మికులతోనే. 1996లో మూతపడింది, కొన్నాళ్లు సినిమా షూటింగులు జరిగాయి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. కింద మెట్రో సొరంగం, పైన ప్రమోటర్ల (బిల్డర్ల) బోర్డులు. ధర పెరిగితే ఊరు బాగుపడినట్టేనా? ఊరి తీరే పోతోంది.

సెంబియం కోడలు:
ఏ తీరు? 1998లో నెల్లూరు నుంచి కోడలిగా వచ్చాను. పని పోయి టీ కొట్టు ముందు కూర్చున్న మగాళ్లను చూశాను తప్ప మీరు చెప్పే కళ చూడలేదు. మా ఆడబడుచుకు రెండు సంబంధాలు అడ్రసు విని వెనక్కి పోయాయి. అన్నానగర్‌లో ఆటో పిలిస్తే ‘ఆ వైపు రానమ్మా’ అనేవాడు. పైగా ఆ మిల్లున్నది పెరంబూరు కాదు, పట్టాళం.

ఐసీఎఫ్ రిటైర్డ్:
మిల్లొక్కటే ఊరా? 1955లో ఐసీఎఫ్, అంటే రైలు పెట్టెలు చేసే కోచ్ ఫ్యాక్టరీ వచ్చింది. అంతకు ముందు నుంచే రైల్వే లోకో వర్క్స్ ఉంది. మా జీతాలు లేకపోతే ఇక్కడ ఒక్క మిఠాయి కొట్టూ నిలిచేది కాదు.

మిల్లుకూత:
అక్కా, పట్టాళం అంటేనే దండు. ఆ దండు ఉన్న రోడ్డు పేరు పెరంబూర్ బ్యారక్స్ రోడ్డు. పేరులోనే ఉంది కదా.

సెంబియం కోడలు:
రోడ్డు పేరును బట్టి ఊరు తేలుస్తారా? మౌంట్ రోడ్డులో కొండ ఉందా?

కొత్తకాపురం:
నేను ఆ టవర్లలోనే ఉంటున్నా. లిఫ్టు బాగుంది, వానొస్తే రోడ్డు ఉండదు. ముందు ఓట్టేరి కాలవ పూడిక తీయించండి, ఊరి తీరు తర్వాత చూద్దాం.

మిల్లుకూత:
మీరు వచ్చాకే మా వీధిలో ఇడ్లీ రేటు మారింది.

కొత్తకాపురం:
ఇడ్లీకి కూడా నేనేనా!

మిల్లుకూత:
అక్కా, సూటిగా చెబుతున్నా. అమ్ముకునేవాళ్లకు ధర తీపిగానే ఉంటుంది.

సెంబియం కోడలు:
అమ్మలేదు. మాది అర గ్రౌండు, 1200 చదరపు అడుగులు. జాయింట్ వెంచర్‌కు ఇచ్చాం, రెండు ఫ్లాట్లు మాకు, రెండు ప్రమోటర్‌కు. మా మామగారిదీ మిల్లే. ఓవర్‌టైం చేసి, చీటీ పాడి కొన్న నేల అది. అదే జీతంతో మీ నాన్నగారు ఎందుకు కొనలేదు?

ఐసీఎఫ్ రిటైర్డ్:
అమ్మా, ఆ మాట వద్దు.

మిల్లుకూత:
పర్లేదన్నా, అడగనివ్వండి. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు మా నాన్న. అందుకని కొనలేదు. నేనూ కొనలేదు. 22 ఏళ్లుగా ఉంటున్న ఇల్లు వచ్చే నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఓనరు ప్రమోటర్‌కు ఇచ్చేశాడు. బాడుగ 9 వేలు కడుతున్నా, అదే వీధిలో ఇప్పుడు 19 వేలు, అడ్వాన్సు వేరే. బ్రోకరు ఊరి బయట రెడ్‌హిల్స్ అవతల చూసుకోమంటున్నాడు. మా అమ్మకు చూపు తగ్గింది. ఈ వీధిలో అయితే గోడ పట్టుకుని గుడిదాకా వెళ్లొస్తుంది. కొట్టువాడు చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు. కొత్త చోట ఏ గోడ పట్టుకోవాలి?

సెంబియం కోడలు:
ఇది మొదటే చెప్పి ఉండొచ్చు. మీ నాన్నగారి మాట ఎత్తడం తప్పే. కానీ ఊరికి మంచి పేరొస్తుంటే నేను ఏడవలేను, మా అమ్మాయి అడ్రసు దాచకుండా చెబుతోంది. మా కింద పోర్షన్‌లోనూ బాడుగకున్నారు, పదకొండేళ్లు. నాలుగు నెలలు టైమిచ్చాం, అడ్వాన్సు పైసాతో సహా తిరిగిచ్చాం. ఎక్కడికెళ్లారో మాత్రం కనుక్కోలేదు.

మిల్లుకూత:
మీ అమ్మాయి అడ్రసు చెప్పుకోవాలనే నాకూ ఉందక్కా. ఆ అడ్రసులో మేమూ ఉండాలంటున్నా, అంతే.

కొత్తకాపురం:
మా ఫ్లాట్ల వాచ్‌మన్ కూడా మాధవరం నుంచి వస్తున్నాడు. ఇక్కడ బాడుగ కట్టలేక.

ఐసీఎఫ్ రిటైర్డ్:
మా వీధిలో ఒక పాత ఇల్లు ఖాళీ అవుతోంది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మగారు మెట్లెక్కగలరా?

మిల్లుకూత:
ఎక్కలేదన్నా. అయినా బాడుగెంత?