కేవిటీలో పరమాణువును చేర్చినా పారదర్శకత కిటికీ ఎందుకు చీలడం లేదు?

ప్రశ్న:
ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం, ఒక అద్దం కంపించే ఆప్టికల్ కేవిటీలో (అద్దాల మధ్య కాంతిని బంధించే అరలో) ప్రోబ్ లేజర్ (పరీక్షించే బలహీన కాంతి) శోషణను లెక్కిస్తున్నాను. పంప్ లేజర్‌ను (బలమైన రెండో కాంతిని) కేవిటీ పౌనఃపున్యం కంటే సరిగ్గా అద్దపు కంపన పౌనఃపున్యమంత దిగువన ఉంచగా, శోషణ రేఖ నడుమ సన్నని పారదర్శకత కిటికీ (ప్రోబ్ శోషణ పడిపోయే పౌనఃపున్యాల మేర) వచ్చింది. కేవిటీతో అనునాదంలో ఉన్న (అదే పౌనఃపున్యం గల) ద్విస్థాయి పరమాణువును, అంటే రెండే శక్తి స్థాయిలున్న దాన్ని, ఇందులో చేర్చితే ఆ కిటికీ రెండుగా చీలుతుందనుకున్నాను. చీలలేదు సరికదా, మరింత వెడల్పయింది. అదే పరమాణువును కాంతితో కాక అద్దంతో జోడిస్తే మాత్రం రెండు కిటికీలు కనిపిస్తున్నాయి. కోడ్‌లో ఎక్కడైనా తప్పు చేశానా?

జవాబు 1:
మీ కోడ్‌లో తప్పు లేదండి. పంప్, ప్రోబ్‌ల మధ్య ఏర్పడే విస్పందనాలు (వాటి పౌనఃపున్యాల తేడాతో కాంతి తీవ్రతలో వచ్చే హెచ్చుతగ్గులు) అద్దాన్ని ఊపుతాయి. ఊగే అద్దం పంప్ కాంతిని ప్రోబ్ పౌనఃపున్యానికే మార్చి చెదరగొడుతుంది. ఆ కాంతి వ్యతిరేక దశలో ఉండి కేవిటీలోని ప్రోబ్‌ను రద్దు చేస్తుంది. కేవిటీలోని పరమాణువు కూడా అదే పౌనఃపున్యం వద్ద అదే పని చేస్తుంది కనుక రెండు ప్రభావాలూ కలిసిపోతాయి. పరమాణువును అద్దంతో జోడించినప్పుడు కంపనమే రెండు సంకర స్థితులుగా (అద్దం, పరమాణువు కలిసిన స్థితులుగా) విడిపోతుంది. అప్పుడు నడిమి పౌనఃపున్యం వద్ద అద్దం దాదాపు ఊగదు, రద్దు చేసే కాంతి పుట్టదు, అందుకే అక్కడ శోషణ తిరిగి వస్తుంది. మొదటి అమరికలోనే పరమాణువు పౌనఃపున్యాన్ని కొద్దిగా పక్కకు జరపండి, రెండో కిటికీ కనిపిస్తుంది.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఈ కిటికీని 2010లో సిద్ధాంతపరంగా చూపినవారు సుమెయ్ హువాంగ్, అంతకుముందు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు ఆచార్యులుగా ఉన్న జి.ఎస్. అగర్వాల్; అదే ఏడు భౌతిక శాస్త్రవేత్త కిప్పెన్‌బర్గ్ బృందం దాన్ని సిలికా టొరాయిడ్‌లో (ఉంగరం ఆకారపు సూక్ష్మ గాజు కేవిటీలో) ప్రయోగపూర్వకంగా చూసింది. ఏ కిటికీ దేనిదో తేల్చుకోవడానికి పంప్‌ను పూర్తిగా ఆపి లెక్కించండి. అద్దం వల్ల వచ్చినది మాయమవుతుంది, పరమాణువు వల్ల వచ్చినది నిలుస్తుంది. పరమాణువును సరళ డోలకంగా తీసుకున్నట్లయితే, బలమైన పంప్ దాన్ని సంతృప్తం చేయడం (ఇక శోషించలేనంతగా ఉత్తేజపరచడం) లేదని కూడా సరిచూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
పంప్ ఆపినా వెడల్పైన కిటికీ అలాగే ఉంది, అంటే అది పరమాణువుదే. ధన్యవాదాలండి. నాకు అసలు కావలసింది కాంతి వేగాన్ని తగ్గించడం. అందుకు పంప్ శక్తిని పెంచితే చాలా?

జవాబు 1:
కిటికీ స్పష్టంగా తెరుచుకునేదాకా పెంచండి, ఆపైన పెంచితే నష్టమే. శక్తితోపాటు కిటికీ వెడల్పు పెరుగుతుంది, కాంతికి కలిగే ఆలస్యం దానికి విలోమంగా తగ్గుతుంది. 2011లో కాల్‌టెక్ బృందం సిలికాన్ ఆప్టోమెకానికల్ స్ఫటికంలో (కాంతినీ కంపనాన్నీ కలిపి బంధించే, రంధ్రాలు చెక్కిన సూక్ష్మ నిర్మాణంలో) సాధించిన ఆలస్యం సుమారు 50 నానోసెకన్లు. అంతకు మించి కావాలంటే అవరుద్ధత (కంపనం ఆరిపోయే వేగం) తక్కువగా ఉన్న కంపకాన్ని ఎంచుకోవాలి.